ముందు పెరడు కొలవండి, తర్వాతే కోడిపిల్లలు

పెరటి కోళ్ల గురించి మన దగ్గర మాట మొదలైతే పిల్లల లెక్కతోనే మొదలవుతుంది. ఎన్ని పిల్లలిస్తారు, వనరాజానా గ్రామప్రియానా, ఒక్కో పిల్లకు ఎంత పడుతుంది, సబ్సిడీ పోను చేతి నుంచి ఎంత పెట్టుకోవాలి అని అడుగుతారు. నివేదికల్లోనూ అదే వరుస: ఇన్ని యూనిట్లు మంజూరు, ఇన్ని పిల్లల పంపిణీ. ఆ పిల్లలు రాత్రి ఎక్కడ పడుకుంటాయి, పగలు ఎక్కడ తిరుగుతాయి, ముసురు పట్టిన వారం ఎక్కడ నిలబడతాయి అన్న ప్రశ్న చివర్లో వస్తుంది. చాలా ఇళ్లలో రానే రాదు. రెండు నెలలు తిరిగేసరికి కొన్నిటిని కుక్కలు పట్టుకుపోతాయి, కొన్ని కొక్కెర తెగులుకు పోతాయి, మిగిలినవి పక్కింటివాళ్లతో పంచాయితీ పెడతాయి. అప్పుడు తప్పును పిల్లల రకం మీదికో, మందుల మీదికో, నసీబు మీదికో నెట్టేస్తాం. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో పెరటి కోళ్లు నిలదొక్కుకోవాలంటే ఈ వరుస తిరగబడాలని నా వాదన. ముందు చోటు కొలవాలి, అది ఎన్ని కోళ్లను మోయగలదో లెక్క కట్టాలి, ఆ లెక్కకు తగినన్ని పిల్లలనే తెచ్చుకోవాలి.

కోడికి ప్లాను గీయడమేమిటని నవ్వుకునేవాళ్లు ఉంటారు. వాళ్ల నవ్వుకు కారణం లేకపోలేదు. మన ఊళ్లలో కోడికి గూడంటే ఒక వెదురు గంప. పొద్దుగూకగానే నాలుగు నూకలు చల్లి, వచ్చిన కోళ్లను గంప కింద కమ్మి, పైన ఒక రాయి పెడితే ఆ రోజు పని అయిపోయేది. గంప ఇరుకే, గాలి కూడా అంతంతమాత్రమే. అయినా తరతరాలు నడిచింది. ఎందుకు నడిచిందో చూస్తేనే ఇప్పుడు ఎందుకు నడవడం లేదో తెలుస్తుంది. ఆ కోడికి రాత్రి చోటు మూరెడే అయినా పగటి చోటు ఊరంతా. కల్లంలో రాలిన వడ్లు, పశువుల కొట్టంలో పేడపురుగులు, ఇంటి వెనక పెంటకుప్ప, గడ్డివాము కింది చెదలు, ఎండకు కంపచెట్టు నీడ, గద్ద కనపడితే దూరడానికి దడి సందు అన్నీ దానికి అందుబాటులో ఉండేవి. ఇప్పటి పుస్తకాలు కోళ్లకు కావాలని చెప్పే మేత, నీడ, దాపు, మట్టిస్నానం అన్నీ ఎవరూ కట్టకుండానే అక్కడ ఉన్నాయి. మన పెద్దలు దొడ్డి కట్టలేదన్నది నిజమే. వాళ్లకు ఊరే దొడ్డి.

ఆ ఊరు ఇప్పుడు అలా లేదు. వరికోత హార్వెస్టర్ చేతికి పోయాక వడ్లు పొలం గట్టు మీది నుంచే కొనుగోలు కేంద్రానికి వెళ్తున్నాయి; ఇంటి దగ్గరి కల్లం చరిత్రలో కలిసింది. దుక్కిటెద్దులు పోయి ట్రాక్టర్లు రావడంతో కొట్టాలు ఖాళీ అయ్యాయి. 2019లో మొదలైన పల్లె ప్రగతితో పెంటకుప్పలు ఇళ్ల మధ్య నుంచి ఊరి బయటి డంపింగ్ యార్డుకు కదిలాయి. పారిశుద్ధ్యానికి అది మంచిదే, కోడికి మాత్రం కంచం తీసేసినట్టయింది. వాకిట్లో సీసీ రోడ్డు పడింది, దాని మీద బండ్లు ఆగకుండా తిరుగుతున్నాయి. దడులు పోయి ప్రహరీ గోడలు లేచాయి. ఊరు దాటితే మందు కొట్టిన పత్తి చేను, మిరప తోట. వీధికుక్కల సంగతి చెప్పనక్కర్లేదు. కోడిని పొద్దున్నే వదిలేసి సాయంత్రం కమ్మే పద్ధతికి ఆధారమైనవి ఒక్కొక్కటే తప్పుకున్నాయి, పద్ధతి మాత్రం మిగిలింది. మరోపక్క పెరటి కోళ్ల మీద ఆశ పెరుగుతూనే ఉంది. 2019 పశుగణన లెక్కల్లో దేశంలోని పెరటి కోళ్లు దాదాపు 31.7 కోట్లు. అంతకుముందు 2012 లెక్కతో పోలిస్తే ఇది 46 శాతం దాకా ఎక్కువ. అదే కాలంలో ఫారం కోళ్లు పెరిగింది నాలుగున్నర శాతమే. కోళ్లు పెరుగుతూ, వాటి చోటు తరుగుతూ పోతుంటే ఆ నష్టం పెంచేవాళ్ల మీదే పడుతుంది.

ఇంకో మార్పు కోడిలోనే వచ్చింది. ఇప్పుడు పంచుతున్న పిల్లల్లో ఎక్కువ భాగం మన పాత నాటు కోడి పిల్లలు కావు. వనరాజా, గ్రామప్రియ రకాలను హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థ పెరళ్ల కోసమే రూపొందించింది. రాజశ్రీ మన పశువైద్య విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. రంగురంగుల ఈకలతో చూడటానికి నాటు కోడిలాగే ఉంటాయి, గుడ్లు మాత్రం ఎక్కువ పెడతాయి. నాటు పెట్ట ఏడాదికి అరవై, డెబ్బై గుడ్లు పెడితే గ్రామప్రియ పెరట్లోనే నూట అరవై దాకా పెట్టగలదు. అయితే ఈ రకాలను వదిలే ముందు ఐదారు వారాలు దీపం వెచ్చదనంలో, టీకాలతో, మంచి దాణాతో సాకాలి. వనరాజా ఒళ్లు బరువు. నాటు పెట్ట కుక్కను చూసి చింతకొమ్మ మీదికి ఎగిరినంత సులువుగా ఇది ఎగరలేదు. పైగా ఈ పెట్టలు పొదగడానికి సరిగ్గా కూర్చోవు కాబట్టి చచ్చినవాటి స్థానంలో పిల్లలు ఇంట్లో పుట్టవు; మళ్లీ కొనాల్సిందే. నాటు కోడి తన ప్రాణాన్ని తానే కాపాడుకునేది. ఈ కోడికి ఆ పని యజమాని చేయాలి. కోడిని మార్చిన మనం గూటిని మార్చలేదు. చాలా ఇళ్లలో నష్టం మొదలయ్యేది ఇక్కడే.

ఎంత చోటు కావాలో లెక్క వేద్దాం. విదేశీ పుస్తకాలు గూట్లో కోడికి నాలుగు చదరపు అడుగులు, బయట దొడ్డిలో పది చదరపు అడుగులు అంటాయి. దీన్ని ఉన్నదున్నట్టు తెచ్చుకోవడం తెలివి కాదు. అక్కడ మంచు కురిసినన్ని రోజులు కోడి గూట్లోనే గడపాలి, అందుకే గూడు పెద్దది. మన దగ్గర గూడు పడుకోవడానికీ గుడ్డు పెట్టడానికీ మాత్రమే. గాలి బాగా ఆడితే కోడికి ఒకటిన్నర నుంచి రెండు చదరపు అడుగులు సరిపోతుంది. దొడ్డి కొలతను మాత్రం తగ్గించకూడదు, ఎందుకంటే మన వానాకాలంలో ఇరుకు నేల మూడు రోజుల్లో రొచ్చవుతుంది. యూరప్ దేశాల గుడ్ల అమ్మకం నియమాల్లో, స్వేచ్ఛగా తిరిగే కోడి అని చెప్పుకుని గుడ్డు అమ్మాలంటే ఒక్కో కోడికి ఆరుబయట నాలుగు చదరపు మీటర్లు ఉండాలన్నారు. మన కొలతలో అది దాదాపు ఐదు గజాలు. గుంటకు 121 గజాలు కాబట్టి గుంట జాగాలో పాతిక కోళ్లు. పది చదరపు అడుగుల లెక్కన పోతే పది కోళ్లకు దొడ్డి 11 గజాలు, గూడు రెండు గజాల పైచిలుకు, మొత్తం పదమూడు గజాల పైచిలుకు, పద్నాలుగు అనుకుందాం. ఇది కనీసం. నలభై ఎనిమిది గజాలుంటే నేల పచ్చగా ఉంటుంది. కోళ్లు పగలు కొంతసేపైనా బయట తిరిగేటట్టయితే కనీస కొలతతో నెట్టుకురావచ్చు. రోజంతా లోపలే ఉంచాల్సి వస్తే పెద్ద కొలత వైపు జరగాలి.

ఈ లెక్కను మన పథకాల పక్కన పెట్టి చూడండి. జాతీయ పశుసంపద మిషన్‌లోని పెరటి కోళ్ల పథకంలో ఏళ్ల తరబడి ఒక పేద కుటుంబానికి విడతలవారీగా 45 పిల్లలు అన్నది యూనిట్. గూటి కోసం కొంత నగదు కూడా అందులో ఉండేది, అంటే గూడు కావాలన్న సంగతి కాగితం మీద తెలుసు. కానీ 45 కోళ్లకు గూడు 90 చదరపు అడుగులు, దొడ్డి 450, మొత్తం 540 చదరపు అడుగులు, అంటే 60 గజాలు. ఇందిరమ్మ ఇంటికి కనీస విస్తీర్ణం 400 చదరపు అడుగులు, 44 గజాల పైచిలుకు. అంటే మనిషి ఉండే ఇంటికన్నా కోళ్లకు ఎక్కువ జాగా కావాలి. ఆ ఇంట్లో ఉండే కుటుంబానికి 45 పిల్లలు చేతికిచ్చి పెంచుకొమ్మంటే, వాటిలో సగం పోతాయని ముందే ఒప్పుకున్నట్టు. పేద కుటుంబానికి కోళ్లు ఇవ్వొద్దని కాదు నేననేది. యూనిట్ సంఖ్య రాజధానిలో కాకుండా ఆ ఇంటి పెరట్లో తేలాలి. పద్నాలుగు గజాలుంటే పది కోళ్లు, ఆరు గజాలుంటే నాలుగు. నాలుగు గ్రామప్రియ పెట్టలు బతికి బట్టకడితే ఏడాదికి ఆరు వందల గుడ్లు దాటుతాయి. ఇంట్లో ఒక పిల్లో పిల్లాడో ఉంటే రోజుకో గుడ్డు పెట్టి కూడా మిగులుతుంది. నలభై ఐదు తెచ్చి నాలుగు మిగిల్చుకోవడం కన్నా నాలుగే తెచ్చి నాలుగూ నిలుపుకోవడం లాభం కదా.

గూడు ఎలా ఉండాలో కొంచెం దగ్గరగా చూద్దాం. పది కోళ్లకు నాలుగడుగుల వెడల్పు, ఐదడుగుల పొడవు. పొడవు వైపులు ఉత్తర, దక్షిణాలకు తిరిగేలా, అంటే గూడు తూర్పు పడమరలుగా సాగేలా కడితే పొద్దుటి ఎండా సాయంత్రపు ఎండా ఇరుకు వైపునే తగులుతాయి. కింది అడుగు భాగం గోడో బండో ఉండి, పైన అంతా ఇనుప జాలీ ఉండాలి. ఆరు మూలల సన్న తీగ జాలీ కోడిని లోపల ఉంచుతుంది గానీ కుక్కను ఆపలేదు. వెల్డు చేసిన గట్టి జాలీ కావాలి, గళ్లు అరంగుళం మించకపోతే పాము, ముంగిస కూడా ఆగుతాయి. జాలీ అంచును అడుగు లోతు మట్టిలో పూడిస్తే తవ్వుకుని వచ్చేవి రావు. లోపల పడుకోవడానికి నాలుగడుగుల కర్రలు రెండు, అడుగు ఎడంగా కట్టాలి. కోడికి ఎనిమిది అంగుళాల లెక్కన పదింటికీ సరిపోతాయి. బరువైన వనరాజాకు కర్ర అడుగున్నర ఎత్తు దాటొద్దు; పైనుంచి దూకి దూకి పాదాలకు పుండ్లు పడతాయి. గుడ్లు పెట్టే గూళ్లు అడుగు చదరంవి, నాలుగైదు పెట్టలకు ఒకటి, మసక చీకట్లో ఉండాలి. అవి కర్రల కన్నా కిందికే ఉండాలి. పైకుంటే కోళ్లు రాత్రి అందులోనే పడుకుని రెట్టతో నింపేస్తాయి.

నేల మీద మూడు నాలుగు అంగుళాల మందాన ఊక పరచాలి. దాన్ని పరీక్షించడానికి మీటర్లేమీ అక్కర్లేదు. పిడికిలి నిండా తీసి గట్టిగా నొక్కి వదిలితే పొడిపొడిగా రాలిపోవాలి. ముద్ద కడితే తడి ఎక్కువైందని అర్థం. ఆ తడిలోనే రక్తపారుడు తెచ్చే క్రిములు పెరుగుతాయి. రెండో పరీక్ష పొద్దున గూడు తలుపు తీయగానే చేయాలి. వంగి, కోడి తల ఉండే ఎత్తులో గాలి పీల్చి చూడాలి. నిలబడిన మనిషి ముక్కుకు తెలియని ఘాటు అక్కడ తెలుస్తుంది. కళ్లు మండితే గాలి చాలడం లేదన్నమాట. కోళ్లకు గురక, ముక్కు కారడం పట్టుకుంటే మందుల షాపుకు పరుగెత్తుతాం గానీ, ఆ రోగంలో సగం గూటి గోడల్లోనే ఉంటుంది. కోడికి చెమట గ్రంథులు లేవు, ఒళ్లు చల్లబరుచుకోవడానికి దానికున్న పెద్ద దారి నోరు తెరిచి రొప్పడమే. మూసిన రేకుల డబ్బాలో మే నెల మధ్యాహ్నం అది ఎంతసేపు రొప్పగలదు?

ఇక దొడ్డి. నన్నడిగితే దొడ్డి ఎంత పెద్దదన్నది ఎంత ముఖ్యమో, దాన్ని రెండు ముక్కలు చేయడమూ అంతే ముఖ్యం. ఉన్న జాగాను మధ్యలో దడితో చీల్చి, గూటి తలుపు రెండు వైపులా తెరుచుకునేలా పెట్టుకోవాలి. ఒక సగంలో కోళ్లు తిరుగుతుంటే రెండో సగంలో గోంగూర, తోటకూర, బెండ వేసుకోవచ్చు. కాపు అయిపోయాక కోళ్లు అటు మారతాయి, మోళ్లూ పురుగులూ కలుపు గింజలూ ఏరి శుభ్రం చేస్తాయి. వాటి రెట్ట పడిన సగం కొన్ని వారాలు ఎండి మాగాక కూరగాయలకు ఎరువు కలిసిన మడి తయారుగా ఉంటుంది. నేలకు విశ్రాంతి దొరికితే పురుగుల గుడ్లు ఎండకు చస్తాయి, కోళ్లకు కడుపులో నులిపురుగులు తగ్గుతాయి. దొడ్డిలో ఒక మూల ఆకులూ అలములూ, వంటింటి చెత్త, పేడ కలిపి చిన్న కుప్ప వేస్తే పోయిన పెంటకుప్ప తిరిగి వచ్చినట్టే. కోళ్లు దాన్ని రోజంతా గీరుకుంటాయి. ఇంకో మూల రెండడుగుల గుంతలో పొడి మట్టి, కట్టెల బూడిద కలిపి పోస్తే అందులో పొర్లి పేలు దులుపుకుంటాయి. నీడకు మునగ, బొప్పాయి లాంటి చెట్టు గానీ, సొర పాదు పాకించిన పందిరి గానీ ఉంటే ఎండ తగలదు, గద్దకు కోడి కనపడదు. చెప్పొచ్చేదేమిటంటే, ఊరంతా పరుచుకుని ఉన్న పాత దొడ్డిని కొద్ది గజాల్లోకి మడిచి తెచ్చుకోవడమే ఈ ప్లాను.

ఒకే ప్లాను మూడు జిల్లాలకూ పనికిరాదు. ఈ నేలలో ఎక్కువ భాగం 2016 అక్టోబర్ దాకా ఒక్క వరంగల్ జిల్లాయే అయినా తీరు వేరు. జనగామ వైపు వాన తక్కువ, ఎర్ర చెలకలు, బండరాయి. అక్కడ కోడికి పెద్ద శత్రువు ఎండ. రేకుల కప్పు వేస్తే దానిమీద సున్నం పూయాలి, తాటికమ్మలో వరిగడ్డో పరచాలి, నీళ్ల కుండ నీడలో ఉండాలి. మహబూబాబాద్‌లో తండాలు, గూడేలు ఎక్కువ. గూడూరు, కొత్తగూడ, గంగారం వైపు అడవి అంచు ఇళ్లకు జంగపిల్లి, ముంగిస భయం ఉంటుంది కాబట్టి అక్కడ ఖర్చు పెట్టాల్సింది జాలీ మీద, తలుపు గడియ మీద. భూపాలపల్లిలో గోదావరి వైపున్న మహదేవపూర్, కాటారం దాకా వాన ఎక్కువ, వెదురు దొరుకుతుంది. అక్కడ గూడు నేల మీద ఉండకూడదు. రెండడుగుల గుంజల మీద వెదురు బద్దల అడుగుతో లేపి కడితే రెట్ట కిందికి జారిపోతుంది, తడి పైకి రాదు. 2023 జూలై 27న మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచింది. 2024 సెప్టెంబర్ 1న ఆకేరు వాగు మహబూబాబాద్ పల్లెల మీద పడింది, కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింది కట్టే కొట్టుకుపోయింది. అంతటి వరదకు కోళ్ల గూడు ఆగుతుందని ఎవరూ అనరు. కానీ ఏటా వచ్చే మామూలు ముసురుకు నీళ్లు నిలిచే పల్లంలో గూడు కట్టకుండా ఉండటం మన చేతిలో పనే. కట్టే ముందు ఒక పెద్ద వాన పడనిచ్చి, పెరట్లో నీళ్లు ఎటు పారుతున్నాయో చూసి, మెరక మీద గుంజ పాతితే సగం జబ్బులు అప్పుడే తప్పుతాయి.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో మొదటిది ఖర్చు. పది కోళ్ల కోసం ఇంత కట్టడమా అని. ఈ ప్లానులో డబ్బు పెట్టి కొనాల్సినవి జాలీ, గడియ, కొన్ని మేకులు. మిగతావి వెదురు, పాత రేకు, బండలు, తాటికమ్మలు. దొడ్డి దడికి ఏటా చేలల్లో కాల్చేస్తున్న పత్తికట్టె ఉంది. ఉపాధి హామీ పనుల జాబితాలో గొర్రెలు, పశువుల కొట్టాలతో పాటు కోళ్ల షెడ్డుకూ చోటిచ్చారు. ఆ వెసులుబాటును పెద్ద షెడ్లకే కాకుండా పదికోళ్ల గూటికీ వాడుకునేలా చూడటం గ్రామసభ చేయగల పని. రెండో అభ్యంతరం ఇంకా బలమైనది: దొడ్డిలో పెడితే దాణా ఎవరు కొనాలి, తిరిగి తినే కోడికి ఖర్చు లేదు కదా అంటారు. నిజమే, రోజంతా మూసిపెడితే పెరటి కోడికి అర్థమే ఉండదు. కానీ దొడ్డికి తలుపుంటుంది. పెట్టలు ఎక్కువగా మధ్యాహ్నం లోపే గుడ్లు పెడతాయి. పదకొండు దాకా లోపల ఉంచి తర్వాత వదిలితే గుడ్డు మన గూట్లోనే పడుతుంది, పక్కింటి గడ్డివాములో కాదు. సాయంత్రం నూకలు, తవుడు దొడ్డిలోనే వేస్తే అవే తిరిగి వస్తాయి. ఊళ్లో నారుమళ్లు పోసినప్పుడు, మిరప నారు పెట్టినప్పుడు, పక్క చేలో మందు కొట్టినప్పుడు తలుపు వేసే ఉంచుతాం. తిరిగే మేత పూర్తిగా పోదు, మందు తిని పోయే కోడీ, పంచాయితీకెక్కే కోడీ ఉండవు.

మూడో మాట వైద్యుల వైపు నుంచి వస్తుంది. కోళ్లను చంపేది రోగం, ఇరుకు కాదు. టీకా వేస్తే చాలు అంటారు. కొక్కెర తెగులు, అదే రాణీఖేత్, ఊరి కోళ్లకు అన్నిటికన్నా పెద్ద ముప్పు అనడంలో అనుమానం లేదు. మొదటి వారంలో లసోటా చుక్క, ఎనిమిది వారాలకు ఆర్2బీ సూది పడాల్సిందే. అయితే ఆ సూది వేయడానికి కోడి చేతికి చిక్కాలి కదా. చింతచెట్టు ఎక్కి పడుకున్న కోడికి, ఊరి చివర తిరుగుతున్న కోడికి టీకా ఎవరు వేస్తారు? గూట్లో పది కోళ్లుంటే వేకువజామున పావుగంటలో పదింటికీ వేసేయొచ్చు. టీకా కార్యక్రమానికి కూడా గూడే మొదటి పనిముట్టు. బర్డ్ ఫ్లూ సమయంలో ఇది ఇంకా స్పష్టమవుతుంది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లోనూ, ఆపైన యాదాద్రి జిల్లా చౌటుప్పల్ వైపూ ఆ వైరస్ బయటపడినప్పుడు అందరి భయం ఫారాల చుట్టే తిరిగింది. పెరటి కోడిని అడవి పక్షులకూ, కుంటల్లోకి వచ్చే వలస పిట్టలకూ కొన్ని వారాలు దూరంగా ఉంచండని చెబితే, దొడ్డి లేని ఇల్లు ఆ మాటను ఎలా పాటిస్తుంది? మూసిపెట్టే చోటున్నవాళ్లకే ఆ జాగ్రత్త సాధ్యం.

చివరి అభ్యంతరం పెరడే లేనివాళ్లది. భూపాలపల్లి సింగరేణి క్వార్టర్లలో, జనగామ పట్టణపు అద్దె ఇళ్లలో, గోడకు గోడ ఆనుకున్న కాలనీల్లో పద్నాలుగు గజాలు ఎక్కడివి? దీనికి తియ్యటి జవాబు లేదు. చోటు లేకపోతే కోళ్లు వద్దు. మేడ మీద రేకుల డబ్బాలో ఇరవై కోళ్లను కుక్కితే అవి ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి, తోకల దగ్గర రక్తం కారుతుంది, వాసనకు చుట్టుపక్కలవాళ్లు ఫిర్యాదు చేస్తారు, ఆఖరికి అన్నిటినీ ఒకే ఆదివారం కోసుకుంటారు. మన దేశంలో పంజరాల ఫారాల్లో కోడికి దక్కే చోటు తెల్లకాగితం అంత కూడా ఉండదని చదివి అయ్యో అనుకుంటాం. 2017లో లా కమిషన్ తన 269వ నివేదికను ప్రత్యేకంగా ఈ ఫారం కోళ్ల రవాణా, పెంపకం తీరు గురించే ఇచ్చింది. ఫారం పంజరాన్ని తప్పుపట్టి పెరట్లో అదే పంజరాన్ని చిన్నది చేసి కట్టుకుంటే, నాటు గుడ్డు అని మనం మురిసిపోయే దాంట్లో పేరు తప్ప ఏం మిగిలింది? జాగా కొంచెమే ఉన్నవాళ్లు మూడు పెట్టలతో, పుంజు లేకుండా మొదలుపెట్టొచ్చు. గుడ్డు పెట్టడానికి పెట్టకు పుంజు అవసరం లేదు. తెల్లవారుజామున కూతతో పక్కింటివాళ్ల నిద్రా చెడదు.

కాబట్టి అడగాల్సినవి పెద్దవేమీ కావు. ఇందిరా మహిళా శక్తి కింద మహిళా సంఘాలకు పెరటి కోళ్లు ఇచ్చేటప్పుడైనా, మరే పథకంలోనైనా, దరఖాస్తులో మొదటి గడి పెరడు కొలతది కావాలి. ఆ కొలతను బట్టి పిల్లల సంఖ్య రాయాలి. గూడు కట్టి, కర్రలు కట్టి, తలుపుకు గడియ పెట్టాకే పిల్లల బండి ఆ ఇంటి ముందు ఆగాలి. ఆ ఫొటో లేకుండా యూనిట్ మంజూరైనట్టు రాయకూడదు. మామునూరు, మల్యాల కృషి విజ్ఞాన కేంద్రాలు మూడు జిల్లాల తీరుకు మూడు నమూనా గూళ్లు కట్టి చూపిస్తే, సంఘం మహిళలు ఒక్కసారి చూసి వచ్చి తామే కట్టుకోగలరు. ఇంటి ప్లాను గీసేటప్పుడు మెట్ల కింద బాత్రూంకు చోటు చూసినట్టే, పెరట్లో గూటికి ఒక మూల గుర్తుపెట్టుకోవడం మేస్త్రీకి చెప్పాలి. పిల్లలు తేవాలనుకునే వాళ్లకు నా మాట ఒక్కటే. ఈ ఆదివారం టేపు పట్టుకుని పెరట్లోకి నడవండి. పొడవు, వెడల్పు కొలిచి, రెండిటినీ గుణించి, చదరపు అడుగుల్లో వచ్చిన లెక్కను పన్నెండుతో భాగించండి. ఎంత వస్తే అన్ని కోళ్లు. అంతకు మించి ఎవరు ఊరికే ఇచ్చినా తీసుకోకండి.